ఉక్కపోతలో ఓ హత్య!

ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఆ ఇద్దరి మధ్యా కాస్త డబ్బు... చివరికి ఒక శవం. పాతికసార్లు చదివిందే, యాభైసార్లు చూసిందే. అయినా మళ్లీ కనిపిస్తే వదలబుద్ధి కాదు. బందరు అద్దె పుస్తకాల షాపుల నుంచి దివిసీమ రొయ్యల చెరువుల గట్ల మీది సెల్‌ఫోన్ల దాకా ఈ చీకటి కథలు ఎందుకు చావడం లేదు?

వేసవి రాత్రి. కరెంటు పోయింది. సముద్రం మీంచి రావాల్సిన గాలి ఎందుకో ఇవాళ ఊళ్లోకి రాలేదు. చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. కాలవగట్టు మీద ఒంటరి మేడ. ఒక్క కిటికీలోనే దీపం. ఇంటాయన ఊళ్లో లేడు. ఆయన భార్య మాత్రం ఉంది. పాలసీ కాగితాలు చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడిన కుర్ర ఏజెంటు, వచ్చిన పని రేపు చూసుకుందామా అనుకున్నాడు. వెనక్కి తిరగబోయాడు. అంతలో తలుపు తెరుచుకుంది...

తర్వాత ఏమవుతుందో పాఠకుడికి తెలుసు. పాపం, ఏజెంటుకే తెలీదు!

ఆమె మంచినీళ్లిస్తుంది. మాటల్లో మాటగా ‘మా ఆయన పేరు మీద పాలసీ తీసుకోవాలంటే ఆయన సంతకం ఉండాలా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న దగ్గరే కుర్రాడు లేచి వెళ్లిపోవాలి. వెళ్లడు. వెళితే కథే లేదు. ఇంగ్లిషు వాళ్లు ‘నోయిర్‌’ అని, ఈ కాలానికి తగ్గట్టు తిరగరాస్తే ‘నియో నోయిర్‌’ అని పిలుచుకునే కథలన్నీ కాస్త అటూ ఇటూగా ఆ తలుపు దగ్గరే మొదలవుతాయి. హంతకుడెవరో కనిపెట్టడం వీటిలో అసలు సంగతి కాదు. చాలాసార్లు హంతకుడు మొదటి పేజీలోనే మనకు పరిచయమవుతాడు. మంచివాడే. మనలాంటివాడే. అతను మెట్టు మెట్టుగా కిందికి ఎలా దిగాడన్నదే కథ.

నలుపు ఎలా పుట్టింది?

వీటికి మూలం కల్పన కాదు, ఒక నిజం హత్య. 1927 మార్చిలో న్యూయార్కులో ఆల్బర్ట్ స్నైడర్ అనే వ్యక్తిని అతని భార్య రూత్, ఆమె ప్రియుడు జడ్ గ్రే కలిసి చంపారు. ఇంట్లో దొంగలు పడ్డట్టు నమ్మించబోయారు. అంతకుముందే భర్త పేరున పెద్ద మొత్తానికి బీమా చేయించింది ఆమె. పోలీసులకు అనుమానం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. 1928 జనవరిలో ఇద్దరికీ మరణశిక్ష అమలైంది. అమెరికా పత్రికలు నెలల తరబడి ఆ కేసే రాశాయి. జనం చదివారు.

జేమ్స్ ఎం. కెయిన్ అనే రచయిత ఆ కేసు నుంచే తన కథలకు దారం తీసుకున్నాడు. 1934లో ‘ది పోస్ట్‌మ్యాన్ ఆల్వేజ్ రింగ్స్ ట్వైస్’ రాశాడు. రోడ్డు పక్క హోటలు, దాని యజమాని, అతని పడుచు భార్య, పనికోసం వచ్చి చేరిన దేశదిమ్మరి... పాత్రలు అంతే. తర్వాత ‘డబుల్ ఇండెమ్నిటీ’. బీమా చేసిన మనిషి ప్రమాదంలో పోతే సొమ్ము రెట్టింపు వస్తుందన్న షరతే ఆ పేరుకి అర్థం. బిల్లీ వైల్డర్ 1944లో దాన్ని సినిమాగా తీశాడు. కథ మొదట్లోనే బీమా ఏజెంటు తన నేరం తానే ఒప్పేసుకుంటాడు. ఇక మిగిలింది ‘ఎవరు’ కాదు, ‘ఎలా’. అయినా ప్రేక్షకుడు కుర్చీలోంచి లేవడు.

యుద్ధం అయ్యాక ఆ అమెరికన్ సినిమాలన్నీ ఒక్కసారిగా ప్యారిస్‌కి వచ్చిపడ్డాయి. వాటిలోని నీడలూ, ముసురూ, మోసాలూ చూసి 1946లో నినో ఫ్రాంక్ అనే ఫ్రెంచి విమర్శకుడు ‘ఫిల్మ్ నోయిర్‌’ అన్నాడు. నల్ల సినిమా అని. అంతకు ఏడాది ముందే ఫ్రాన్సులో గాలిమార్ సంస్థ నల్ల అట్టలతో నేరనవలల వరస మొదలుపెట్టింది. పేరు అలా స్థిరపడింది.

అప్పట్లో హాలీవుడ్డుకి ఒక కట్టుబాటు ఉండేది. 1934 నుంచి గట్టిగా అమలైన ఆ నియమావళి ప్రకారం నేరస్తుడు తప్పించుకోకూడదు. పడకగది తలుపు అవతల కెమెరా ఆగిపోవాలి. 1968లో ఆ నియమావళి పోయి, వయసును బట్టి సినిమాలకు ముద్ర వేసే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన కొత్త నలుపే నియో నోయిర్. దర్శకుడు లారెన్స్ కాస్డాన్ 1981లో తీసిన ‘బాడీ హీట్’ అందుకు పెట్టింది పేరు. ఫ్లోరిడాలో ఒళ్లు మండించే ఎండాకాలం. ఓ మామూలు లాయరు. ఓ సంపన్నుడి భార్య. ఒక వీలునామా. సినిమా అంతా చెమట. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, చల్లబడదు. ఆ ఉక్కపోత అలంకారం కాదు, కథలో సగం అదే. ఒళ్లు ఉడుకుతుంటే బుద్ధి పనిచేయదు. తలుపులు తీసి పెట్టుకుంటారు. నిద్ర పట్టదు. నిద్ర పట్టని మనిషి ఆలోచనలు మంచి దారిలో నడవవు.

ఉక్కపోత అంటే ఏమిటో కృష్ణా డెల్టా వాళ్లకి ఫ్లోరిడా వాళ్లు చెప్పాలా!

బీమా పుట్టిన ఊళ్లో...

ఉక్కపోతే కాదు, ఈ కథలకు కావలసిన రెండో సరుకు కూడా ఈ ప్రాంతంలో దండిగా ఉంది. అది డబ్బు. కాగితాల మీది డబ్బు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును మొదలుపెట్టింది మచిలీపట్నంలోనే. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా అక్కడే వెలిసింది. 1956లో జీవిత బీమా జాతీయమయ్యాక ఎల్ఐసీ వచ్చింది. బందరు దానికి డివిజను కేంద్రం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా పాలసీ, బాండు, నామినీ, తనఖా, వీలునామా లాంటి మాటలు ఈ డెల్టాలో వంటింటి మాటలే. ఎకరం ఎంత పలుకుతోందో, ఎవరి పొలం ఎవరి పేరున ఉందో అరుగు మీద కూర్చున్న ముసలాయనకీ తెలుసు, పెరట్లో గిన్నెలు తోముకునే కోడలికీ తెలుసు.

నల్ల కథలకి ఇదే పునాది. వాటిలో ప్రేమ ఒక్కటే ఉండదు. ప్రేమతోపాటు ఆస్తి ఉంటుంది. ఒక్క సంతకంతో చేతులు మారే ఆస్తి. అందుకే అమెరికా బీమా ఏజెంటు కథ చదివిన బందరు గుమస్తాకి అది పరాయి కథ అనిపించదు. పేర్లు మారిస్తే చాలు. పక్క వీధిలో జరిగినట్టే ఉంటుంది.

పుస్తకం కింద పుస్తకం

తెలుగువాళ్లు ఈ సరుకుకి పెట్టుకున్న పేరు గంభీరమైంది. అపరాధ పరిశోధక నవల! 20వ శతాబ్దం తొలి దశకాల్లో బెంగాలీ నుంచి వచ్చిన అనువాదాలతో మొదలైంది. పండితుడూ కవీ అయిన ఆరుద్ర అంతటివాడు ‘పలకల వెండిగ్లాసు’, ‘ఆనకట్ట మీద హత్య’ లాంటి నవలలు రాశాడంటే దాని లాగుడు ఎంతటిదో తెలుస్తుంది. 1926లో తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు వచ్చాక ఇక తిరుగే లేకపోయింది. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు నిజం మనుషులేనని నమ్మినవాళ్లకు కొదవ లేదు. ‘ఉరితాడు’, ‘చావుకేక’... పేర్లే సగం పని చేసేవి. ఆయన వెనకే టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీభగవాన్... 1970 దశకం నుంచి మధుబాబు ‘షాడో’ కుర్రకారును ఏలాడు.

ఈ పుస్తకాలు జేబులో పట్టేవి. తెలుగులో పాకెట్ పుస్తకాన్ని ఇంటింటికీ చేర్చిన ఎమెస్కో, అంటే ఎం. శేషాచలం అండ్ కంపెనీ, బందరు సంస్థే. ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పేరుతో కుటుంబాలకు పుస్తకాలు పంపిన పథకం వాళ్లదే. మర్యాదైన నవలలు అలా తపాలాలో, ముందు గుమ్మంలోంచి దర్జాగా ఇంట్లోకి వచ్చేవి. డిటెక్టివ్ నవలకి ఆ భాగ్యం లేదు. అట్ట మీద తుపాకీ, తుపాకీ పక్కన జారిన పైట. దాన్ని చొక్కా లోపల దాచి, పెరటి గుమ్మంలోంచి తేవాల్సిందే.

అద్దె పుస్తకాల షాపులే దానికి ఆలయాలు. బడ్డీకొట్టంత గది. వరసగా మేకులు, వాటికి వేలాడే దారాలు, దారాలకి గుచ్చిన నవలలు. రోజుకింత అని అద్దె. ఆలస్యమైతే అదనం. ఆఖరి పేజీలు చిరిగిపోయిన పుస్తకం ఇచ్చాడంటే షాపువాడితో పెద్ద తగాదాయే! గుడివాడ జంక్షను కావడంతో అటు బెజవాడకీ ఇటు బందరుకీ అటు భీమవరానికీ ప్యాసింజర్లు తిరిగేవి. గుడివాడలో రైలెక్కి బందరు నోబుల్ కాలేజీకో హిందూ కాలేజీకో వెళ్లే కుర్రాళ్లకి గంట ప్రయాణం, చేతిలో ఒక నవల. వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం. దివిసీమకి రైలు లేదు. అవనిగడ్డకీ నాగాయలంకకీ బస్సులే దిక్కు. పెళ్లికొచ్చిన చుట్టాలో, సెలవులకొచ్చిన మేనబావో వదిలి వెళ్లిన నవల ఒక్కటి దొరికితే ఊళ్లో పదిళ్లు తిరిగేది. అట్ట పోయేది. పేరు పోయేది. రాసిందెవరో తెలియకుండానే చదివేవాళ్లు.

మగపిల్లలే చదివారనుకుంటే పొరపాటు. పప్పుడబ్బా వెనక, మడత పరుపు కింద, కుట్టుమిషను సొరుగులో దాచుకున్న ఆడపిల్లలూ ఉన్నారు. ‘ఆ చెత్త చదివితే చెడిపోతారు’ అని తిట్టిన పెద్దవాళ్లు, పిల్లలు నిద్రపోయాక అదే పుస్తకం తీసి చదివిన ఇళ్లకీ లెక్కలేదు. చెడిపోయారో లేదో గానీ, పుస్తకం పట్టుకుంటే వదలకుండా చదివే అలవాటు చాలామందికి ఇక్కడే అబ్బింది. ఆ అలవాటే తర్వాత వాళ్లని పెద్ద రచయితల దగ్గరికి తీసుకెళ్లింది.

యుగంధర్ ఊరట... చేజ్ గుబులు

ఇక్కడ ఒక తేడా చూడాలి. యుగంధర్ నవల చదివి పడుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. ఎందుకంటే చివరికి దొంగ దొరుకుతాడు. ప్రపంచం మళ్లీ సర్దుకుంటుంది. చెడ్డవాడు ఫలానా అని తేలిపోయాక మిగతావాళ్లమంతా మంచివాళ్లమే!

నల్ల కథ అలా కాదు. రైల్వే స్టేషన్ పుస్తకాల షాపుల్లో ఒకప్పుడు జేమ్స్ హాడ్లీ చేజ్ నవలలు వరసలు వరసలుగా ఉండేవి. ఆయన అసలు పేరు రెనె రేమండ్. ఇంగ్లండువాడు. అమెరికాలో తిరిగింది చాలా తక్కువ. పటాలూ నిఘంటువులూ ముందేసుకుని అమెరికా గుండాల కథలు రాశాడు. 1939లో వచ్చిన మొదటి నవల ‘నో ఆర్కిడ్స్ ఫర్ మిస్ బ్లాండిష్’ సంచలనం. 1944లో జార్జ్ ఆర్వెల్ దాని మీద ఒక వ్యాసమే రాశాడు. దొంగకీ పోలీసుకీ మధ్య గీత చెరిగిపోయింది, ఇక్కడ బలమే న్యాయమైపోయింది అని ఆయన బాధ. ఆ గీత చెరిగిపోవడమే కోట్లమందిని లాగిందన్నది ఇంకో నిజం.

చేజ్ కథల్లో తప్పు చేసేవాడు పుట్టు రౌడీ కానక్కర్లేదు. అప్పుల్లో ఉన్న సేల్స్‌మన్, జీతం చాలని గుమస్తా, జైలు నుంచి వచ్చి బుద్ధిగా బతకాలనుకున్నవాడు... ఎవరైనా కావచ్చు. ‘ఈ ఒక్కసారికే’ అనుకుంటాడు. ఒక తప్పు కప్పిపుచ్చడానికి రెండోది, రెండోది కప్పడానికి మూడోది. చదివేవాడికి అతను దొరికిపోవాలని ఉండదు. పోలీసు తలుపు తడితే అతనితోపాటు మనకీ గుండె జారుతుంది. పుస్తకం మూశాక అర్థమవుతుంది, మనం ఇంతసేపూ ఎవరి పక్కన నిలబడ్డామో! ఈ గుబులే అసలు రుచి. ‘నేనైతే ఆ తలుపు దగ్గర్నుంచి వెళ్లిపోయేవాణ్ణా?’ అన్న ప్రశ్న డిటెక్టివ్ కథ వేయదు. నల్ల కథ వేస్తుంది.

దివిసీమ సంగతే తీసుకోండి. భయం అంటే ఏమిటో 1977 నవంబరు 19న ఉప్పెనలో చూసిన నేల అది. వేలమందిని సముద్రం పొట్టన పెట్టుకుంది. ఆ చావులకి కారణం చెప్పమని ఎవర్ని అడగాలి? కథలో చావు అలాంటిది కాదు. దానికో కారణం ఉంటుంది. ఒక ఆశ, ఒక అబద్ధం, ఒక సంతకం. వెనక్కి వెళ్లి వేలుపెట్టి చూపించవచ్చు, ఇదిగో ఇక్కడ తప్పింది అని. జవాబు దొరకని చావుల మధ్య బతికేవాళ్లకి జవాబున్న చావు కథ ఒకరకమైన ఓదార్పు. వినడానికి వింతగా ఉన్నా అది నిజం.

నాలుగు నిమిషాల వేడి

మరి తెలుగు సినిమా ఈ కథల్ని ఎందుకు ఎక్కువగా తీయలేదు? గుడివాడ చుట్టుపక్కల పల్లెలు వెండితెరకి ఇచ్చినంతమందిని మరో చోటు ఇచ్చిందా అన్నది అనుమానమే. నిమ్మకూరు నుంచి ఎన్టీఆర్, రామాపురం నుంచి ఏఎన్నార్, కవుతరం నుంచి కైకాల సత్యనారాయణ. నేరం ఉన్న కథలు వాళ్లూ చేశారు. 1964 నాటి ‘ఆత్మబలం’లో ఏఎన్నార్ హత్యానేరం మీదపడిన నాయకుడు. కైకాల అయితే ఏళ్ల తరబడి మన చేత తిట్లు తిన్న విలన్. కానీ అక్కడ నాయకుడు నిర్దోషి. విలన్ విలనే. ప్రేక్షకుడికి ఎవరి పక్కన కూర్చోవాలో ముందే తెలుసు.

పైగా మనది కుటుంబమంతా కలిసి వెళ్లే సినిమా. బండి కట్టుకుని పిల్లాజెల్లాతో మొదటాటకి వచ్చేవాళ్ల ముందు నాయిక మోసం చేయకూడదు, నాయకుడు పరాయి ఇంటి తలుపు తట్టకూడదు. అందుకని మన దర్శకులు ఒక ఉపాయం కనిపెట్టారు. వేడిని కథలోంచి తీసి పక్కన పెట్టారు. విలన్ డెన్, గ్లాసులు, రంగురంగుల లైట్లు, ఒక క్లబ్బు డాన్సు. జ్యోతిలక్ష్మి, జయమాలిని, హలం... నాలుగు నిమిషాల్లో వేడి అయిపోతుంది. ఆ తర్వాత మళ్లీ అమ్మ సెంటిమెంటు! అసలైన నల్ల కథలో కోరికే కథని నడుపుతుంది. మన సినిమాలో కోరిక కథకి సెలవు రోజు.

ఆ నాలుగు నిమిషాల బరువు మోసినవాళ్లలో ఏలూరు దగ్గరి కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి ఒకరు. సిల్క్ స్మితగా దక్షిణాది మొత్తాన్నీ ఊపేసింది. తెర మీద అందర్నీ వలలో వేసే ఆడదిగా చూపించిన ఆమె, 1996 సెప్టెంబరులో మద్రాసులో 35 ఏళ్లకే ప్రాణం తీసుకుంది. తెర మీది మాయలాడికీ తెర వెనక మనిషికీ ఎంత దూరమో చెప్పడానికి ఇంతకంటే చేదు ఉదాహరణ అక్కర్లేదు.

ఉపాయం పక్కనపెట్టి కొందరు సాహసించారు. వంశీ 1985లో ‘అన్వేషణ’ తీశాడు. అడవి, వరస చావులు, ఎవర్నీ నమ్మలేని పరిస్థితి. రాంగోపాల్ వర్మ 1991లో ‘క్షణ క్షణం’లో బ్యాంకు దోపిడీ సొమ్ము వెంట అందర్నీ పరిగెత్తించాడు. హిందీలో 2003లో ‘జిస్మ్’ వచ్చింది. లాయరు, ధనవంతుడి భార్య, సముద్రం, చెమట... ‘బాడీ హీట్’ నీడ స్పష్టంగా కనిపించే సినిమా. ఇక 2016లో ‘క్షణం’, 2019లో ‘ఎవరు’, 2021లో హిందీ ‘అంధాధున్’ ఆధారంగా వచ్చిన ‘మాస్ట్రో’... ఇప్పుడు తెలుగు నాయకుడు అబద్ధాలాడుతున్నాడు, నాయిక తుపాకీ పేలుస్తోంది, ప్రేక్షకుడు నొచ్చుకోవడం లేదు.

ఏమిటీ మార్పు? జనం చెడిపోలేదు. చూసే పద్ధతి మారింది. ‘మాస్ట్రో’ నేరుగా ఓటీటీలోనే విడుదలైంది. హాల్లో నాన్న పక్కన కూర్చుని చూడలేనిది చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా చూడొచ్చు. నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండే కుర్రాడికి ఏరియేటర్ల చప్పుడు, చేతిలో ఫోను, అందులో ఒక హత్య. యాభైయేళ్ల కిందట లాంతరు వెలుగులో దుప్పటి ముసుగేసి నవల చదివినవాడికీ ఇతనికీ తేడా లేదు. నల్ల కథ ఎప్పుడూ ఒంటరి మనిషికి చెవిలో చెప్పే కథే. అందుకే కుటుంబ సినిమా రోజుల్లో పుస్తకంలో దాక్కుంది. ఇప్పుడు ఫోన్లోకి మారింది.

ఆమే ఎందుకు దోషి?

ఇంత మెచ్చుకున్నాక ఒక అభ్యంతరం కూడా చెప్పుకోవాలి. ఈ కథల్లో ఎప్పుడూ ఆమే వల. అతను చేప. రూత్ స్నైడర్ నుంచి నేటి దాకా అదే వరస. అతనిది బలహీనత, ఆమెది పన్నాగం. కెయిన్ రాసిందీ, చేజ్ రాసిందీ, మన అట్టల మీద బొమ్మలేసిందీ ఎక్కువగా మగవాళ్లే కదా!

కథగా చదివి వదిలేస్తే ఇబ్బంది లేదు. కానీ కథ కళ్లద్దాలైపోతే? ఎక్కడో ఓ భర్త అనుమానాస్పదంగా పోయాడని టీవీలో స్క్రోలింగ్ వస్తే చాలు, పోస్టుమార్టం నివేదిక రాకముందే తీర్పు చెప్పేస్తాం. ‘భార్యే చేయించి ఉంటుంది’ అని. ఆ కథ మనకి ముందే కంఠతా వచ్చు కాబట్టి! జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చూస్తే సంగతి వేరుగా ఉంది. 2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్య కేసులు 28,522. వాటిలో తగాదాల వల్ల జరిగినవే 9,962. పాత కక్షల వల్ల 3,761. లాభం కోసం చేసినవి 1,884. ప్రేమ వ్యవహారాలూ వివాహేతర సంబంధాలూ ఆ జాబితాలో ఉన్నాయి, కానీ తగాదాల దరిదాపుల్లో లేవు. అదే ఏడాది వరకట్న చావుల కేసులు ఆరు వేలు దాటాయి. అంటే, పన్నాగం పన్నే భార్యకంటే ప్రాణం పోగొట్టుకునే భార్యే నిజ జీవితంలో ఎక్కువగా ఎదురవుతుంది. గట్టు తగాదాలో, తాగిన మైకంలో, అన్నదమ్ముల పంపకాల్లో జరిగే హత్యలకి నవలలో చోటు దొరకదు. అవి ఆసక్తిగా ఉండవు. వాటిలో సిల్కు చీరలూ సిగరెట్టు పొగా లేవు.

ఇక్కడే మంచి నల్ల కథకీ చవకబారు కథకీ తేడా తెలుస్తుంది. చవకబారుది ఆమె ఒంటి దగ్గర ఆగిపోతుంది. మంచిది ఆమెకి ఏం కావాలో అడుగుతుంది. వయసులో పెద్దవాడికిచ్చి కట్టబెట్టారా? చేతిలో రూపాయి లేకుండా మేడలో బందీ అయిందా? బయటపడే దారి ఇంకొకటి ఉంటే ఈ దారి పట్టేదా? ఈ ప్రశ్నలు వేసే కథలో ఆమె వల కాదు, ఆమె కూడా చేపే. కెయిన్ నవలలు ఇన్ని దశాబ్దాలు నిలబడ్డాయంటే ఆ ఉడుకు ఒక్కటే కారణం కాదు. రోడ్డు పక్క హోటల్లో గిన్నెలు కడిగే ఆ అమ్మాయికి బతుకు మీద ఉన్న విసుగు కూడా ఆ పేజీల్లో ఉంది.

ఎందుకు నిలిచింది?

బందరులో మేకులకి వేలాడిన నవలలు ఇప్పుడు లేవు. నాసిరకం కాగితం, వంద చేతులు మారడం, ఎలకలు, వానలు... లైబ్రరీలు కూడా వీటిని దాచుకోలేదు. మర్యాదైన పుస్తకాలు బీరువాల్లో మిగిలాయి, ఎక్కువమంది చదివిన పుస్తకాలు పొట్లాలు కట్టుకోవడానికి పోయాయి. పాత కాగితాల కొట్లలో వెతికి మరీ కొనే అభిమానులు ఉన్నారు. షాడో నవలలు మళ్లీ అచ్చయ్యాయి. పోయినవి ఎన్నో లెక్క తేలదు.

పుస్తకాలు పోయినా కథ పోలేదు. శృంగారం కోసమే అయితే అంతకంటే ఎక్కువ వేడి చేతిలోని ఫోన్లోనే ఉచితంగా దొరికే కాలం ఇది. నెత్తురు కోసమే అయితే రోజూ వార్తల్లో చూస్తున్నదే. ఈ రెండింటికీ అందనిది నల్ల కథలో ఒకటుంది. తప్పు చేయబోయే మనిషి మనసు లోపల కూర్చుని, అతని పక్కనుంచి చూసే వీలు. వార్త ‘అతను చేశాడు’ అంటుంది. పోలీసు ‘ఎలా చేశాడు’ అంటాడు. నల్ల కథ ఒక్కటే ‘ఏ క్షణంలో ఆగిపోయి ఉండొచ్చు’ అని చూపిస్తుంది. ఆ క్షణం చాలా చిన్నది. ఒక సంతకం ముందు, ఒక ఫోను చేసే ముందు, తెరుచుకున్న ఒక తలుపు ముందు. అప్పులూ ఆశలూ ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటి క్షణాలు వస్తుంటాయి. చాలామంది ఆగిపోతారు. ఎలా ఆగామో కూడా గుర్తుండదు. ఆగకపోతే ఏమయ్యేదో తెలుసుకోవాలనే కుతూహలం మాత్రం లోపల ఉండిపోతుంది.

ఆ కుతూహలానికి రెండు గంటల సినిమా, రెండు వందల పేజీల నవల చవకైన బేరం. పిల్లలు అలాంటి పుస్తకం దాచుకుని చదువుతూ దొరికితే లాక్కుని పారేసేముందు ఒకసారి ‘ఇంతకీ అతను ఎందుకు చేశాడట్రా?’ అని అడిగి చూడొచ్చు. నీతి పాఠం చెప్పనక్కర్లేకుండానే మంచి చర్చ నడుస్తుంది. వయసుకి మించిందైతే అప్పుడు పక్కన పెట్టమనొచ్చు. పెట్టమన్నంత మాత్రాన చదవడం మానేస్తారా అంటే... ఈ జిల్లాలో అద్దె పుస్తకాల షాపులు నడిచిన రోజుల్ని అడగాల్సిందే!